రెండో ఈల

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక కాలేజీలో పిల్లలతో మాట్లాడుతూ బోర్డు మీద ‘వాటర్ పోలో’ అని రాశాను. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు.

“సార్, పోలో అంటే గుర్రాల మీద ఆడేది గదా! నీళ్లల్ల గుర్రాలు ఎట్ల ఉరుకుతయి?”

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ వాడు అడగాల్సిందే అడిగాడు. నిజాముల కాలం నుంచి హైదరాబాద్‌కు తెలిసిన పోలో గుర్రాలదే మరి. మాటకు మాత్రం గుర్రంతో చుట్టరికం లేదు. కారకోరం కొండల్లోని బాల్టీ భాషలో ‘పులూ’ అంటే బంతి. గుర్రాల ఆట ఆ పేరు పెట్టుకుంది. 19వ శతాబ్దంలో బ్రిటన్ ఈతగాళ్లు నీళ్లలో బంతాట మొదలుపెట్టి, అదే పేరు అరువు తెచ్చుకున్నారు.

క్లాసయ్యాక బీపీఎడ్ చదువుతున్న ఒక కుర్రాడు గేటు దాకా నా వెంట నడిచాడు. చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నాడట. “ఈ ఆటకు కోచ్‌గ పోతే బతుకుతమా సార్?” అని అడిగాడు. “కోచ్ సంగతి తర్వాత చూద్దాం తమ్మీ, ముందు అసిస్టెంట్ కోచ్ సంగతి అడుగు” అన్నాను. మొహం చిన్నబోయింది. తప్పు అతనిది కాదు. అసిస్టెంట్ అంటే మనకు లారీ మీద క్లీనర్, మేస్త్రీ కింద కూలీ, వంటాయన వెనక ఉల్లిపాయలు తరిగే మనిషి. అసలువాడు అయ్యేదాకా ఓపిక పట్టే చోటు. చాలామంది ఆ పనిని అలాగే చేస్తారు, అందుకే అందులో పైకి రారు.

ఈ అధ్యాయం ఆ చిన్నబోయిన మొహం కోసం రాస్తున్నాను.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్, బొంగుళూరు, మంగళ్‌పల్లి, శేరిగూడల మీదుగా ఇబ్రహీంపట్నం వచ్చేవాళ్లకు కాలేజీ గేట్లు లెక్కపెట్టుకోవడం ఒక కాలక్షేపం. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ రోడ్డంతా కాలేజీ బస్సులే. ఈ కాలేజీల్లో పీడీ సార్లు ఉంటారు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ జట్లు ఉంటాయి. ‘వాటర్ పోలో అసిస్టెంట్ కోచ్ కావలెను’ అని వీటిలో ఏదో ఒకటి పేపర్లో వేస్తుందని మాత్రం కూర్చోకండి. ఆ పేరుతో కాలేజీలే జీతమిచ్చే దేశం అమెరికా. అక్కడ కూడా ఆ జీతం కథ మీరనుకున్నంత తియ్యగా లేదు, చివర్లో చెప్తాను.

ఉద్యోగమే లేని చోట ఆ ఉద్యోగంలో పైకి రావడం గురించి అధ్యాయం ఎందుకంటారా? మన దగ్గర ఆటల్లో పేరు తెచ్చుకున్న చాలామందికి కూడు పెట్టింది ఒక పని, పేరు తెచ్చింది ఇంకో పని. ఆ రెంటినీ ఒకే మూటలో వెతుక్కున్నవాళ్లే మధ్యలో జారిపోయారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దీనికి మంచి సాక్ష్యం. ఆ ఏడాది భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లి, నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అంతకు మించింది లేదు. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ తరానికీ ఆ పేరు తెలిసింది. ఆయన బడిపంతులుగా బతికిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన మనిషికి, మొదట్లో ఇంటి ఖర్చులు వెళ్లదీసింది సుద్దముక్కే.

అదే మెల్‌బోర్న్‌లో ఈతకొలనులో ఇంకో తెలుగువాడు ఉన్నాడు. రేపల్లె దగ్గర కైతేపల్లి నుంచి వెళ్లిన షంషేర్ ఖాన్. బటర్‌ఫ్లై ఈతలో దేశం తరఫున దిగాడు. ఆయనకు తిండి పెట్టింది సైన్యం. పేరు తెచ్చింది నీళ్లు.

మన వాటర్ పోలో ప్రపంచంలో అందరూ చెప్పుకునే మ్యాచ్ కూడా ఆ ఒలింపిక్స్‌లోనే జరిగింది. డిసెంబర్ 6న హంగరీ, సోవియట్ యూనియన్ జట్లు తలపడ్డాయి. కొన్ని వారాల కిందటే సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగాయి. ఆ కోపమంతా నీళ్లలోకి వచ్చింది. హంగరీ 4–0తో ముందున్నప్పుడు ఎర్విన్ జాదోర్ అనే ఆటగాడి కంటి దగ్గర దెబ్బ తగిలి రక్తం కారింది, జనం గట్టు మీదికి ఎగబడ్డారు, ఆట అక్కడితో ఆపేశారు. తర్వాత హంగరీయే స్వర్ణం గెలిచింది. ఈ కథ అందరూ రక్తం కోసం చెప్తారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది గట్టు మీదున్న కోచ్, బేలా రాయ్‌కి. ఆయన వాటర్ పోలో కోచ్ మాత్రమే కాదు, పోటీ ఈతకూ కోచ్. రెంటి మీదా పుస్తకాలు రాశాడు. ఈ ఆటకు తల్లివేరు లాంటి హంగరీలో కూడా ఈత, పోలో ఒకే చేతిలో ఉండేవన్నమాట.

కాబట్టి మీ బతుకుదెరువును ఈతకు కట్టండి. పోలోను దాని భుజాన ఎక్కించండి.

ఎలాగో చెప్తాను. చదువు సంగతి చప్పున ముగిస్తాను, ఎందుకంటే అది కరపత్రాల్లోనూ దొరుకుతుంది. పీఈసెట్ రాసి బీపీఎడ్, ఆ తర్వాత ఎంపీఎడ్. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ, అందరూ ఎన్ఐఎస్ అనేది, ఇచ్చే ఈత కోచింగ్ డిప్లొమా లేదా ఆరు వారాల సర్టిఫికెట్. ప్రాణరక్షణ శిక్షణ, అంటే లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతి సహా. యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీ స్థాయి వ్యాయామ విద్య పోస్టు కావాలంటే ఎంపీఎడ్‌లో 55 శాతం, నెట్ లేదా సెట్ ఉండాలి. దీనికి తోడు యూజీసీ ఒక పరుగు పరీక్ష కూడా పెట్టింది. 30 ఏళ్ల లోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు. పుస్తకాలు చదివి చదివి పొట్ట పెంచుకున్న అభ్యర్థులు ఇక్కడే ఆగిపోవడం నేను చూశాను. మీరు ఈతగాళ్లు కాబట్టి ఊపిరికి కొదవ ఉండదు. మోకాళ్లకు మాత్రం నేల మీద పరుగు అలవాటు చేయండి.

ఈ వరసలో అందరూ చిన్నచూపు చూసేది లైఫ్‌గార్డ్ కాగితాన్ని. నాకు మాత్రం ముందు అదే. ఎండాకాలం వచ్చిందంటే సమ్మర్ క్యాంపులు. ప్రతి కొలనుకూ మనుషులు కావాలి. గేటు దాటి లోపలికి వెళ్లే మొదటి దారి అదే. నీళ్లలో పిల్లవాడి కళ్లలోకి వచ్చే భయాన్ని గుర్తుపట్టడం అక్కడే నేర్చుకుంటారు. ఏ డిప్లొమాలోనూ దాన్ని ఇంత బాగా నేర్పరు.

ఇక ఆట. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో జట్టుకు నీళ్లలో ఏడుగురు, అందులో ఒకరు గోల్‌కీపర్. ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు, ఈల మోగి ఆట ఆగితే గడియారమూ ఆగుతుంది. గోలీ తప్ప మిగిలినవాళ్లు బంతిని ఒక్క చేత్తోనే పట్టాలి. కింద నేలను కాలితో తన్ని లేవకూడదు, దాని మీద నిలబడకూడదు. లోతు ఎంత లేదన్నా ఆరడుగులు ఉంటుంది కాబట్టి నిలబడదామన్నా కుదరదు లెండి. మరి నీళ్లలో నిటారుగా ఎలా ఉంటారు? కాళ్లతో. కుడికాలు ఒకవైపు, ఎడమకాలు ఇంకోవైపు, మోకాళ్ల కింద నుంచి గుండ్రంగా, ఆగకుండా తిప్పుతుంటారు. దీన్ని ‘ఎగ్‌బీటర్’ అంటారు. మా అమ్మకు చూపిస్తే, “మజ్జిగ చిలుకుతున్నడా ఏంది?” అంది. అంతకంటే బాగా నేను వివరించలేను. ఆ చిలకడం రాకపోతే మిగతాదంతా వృథా. చేతులు పైకెత్తి, నీళ్లు ఛాతీ దగ్గర ఉండేలా లేవగలిగినవాడే బంతి విసరగలడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రధాన కోచ్ ఉండగా రెండో మనిషి ఎందుకు?

ఈ ఆటలో సగం ఆట నీళ్ల కింద జరుగుతుంది. పైన బంతి పోతుంటే కింద ఒకడు ఇంకొకడి నడుము పట్టుకుని ఉంటాడు, బనీను గుంజినట్టు ఈతదుస్తులు గుంజుతుంటాడు, కాళ్లతో నెడుతుంటాడు. ప్రధాన కోచ్ కళ్లు సహజంగా బంతి వెంట పోతాయి. కాబట్టి బంతి లేని చోటంతా అసిస్టెంట్‌ది. గోల్ ముందు వీపు తిప్పి నిలబడిన సెంటర్ ఆటగాడికి ఊపిరి అందుతోందా, అవతలి జట్టులో ఎవడు తిరిగి రావడానికి బద్ధకిస్తున్నాడు, మన జట్టులో ఎవరి కాళ్లు అలసిపోయి భుజాలు నీళ్లలోకి దిగుతున్నాయి. ఇవి చూసి, విరామంలో ప్రధాన కోచ్ చెవిలో ఒకే ఒక్క వాక్యం చెప్పాలి. రెండో వాక్యం ఎక్కువ. విరామం నిమిషాల లెక్క, అందులో జట్టులో అందరి మొహాలూ ఆయన వైపు చూస్తుంటాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, నీళ్లు పడినా చెరగకుండా పెన్సిల్‌తో రాయండి. నిలువు గీతలు కొట్టి, ఎవరు ఎన్ని సార్లు గోల్‌కు విసిరారు, ఎన్ని పడ్డాయి, ఎవరి చేతిలోంచి బంతి పోయింది, ఎవరు తప్పు చేసి కొన్ని సెకన్లు బయటికి పోయారు, ఎవరు అవతలివాడి చేత తప్పు చేయించారు, ఇవన్నీ రాయండి. ఈ చివరి గడిని ఎవరూ రాయరు. గోల్ కొట్టినవాడికి చప్పట్లు కొడతారు. గోల్ ముందు దెబ్బలు తిని, అవతలివాణ్ని బయటికి పంపించి, మన ఆరుగురు వాళ్ల ఐదుగురి మీద ఆడే వీలు కల్పించినవాడు ఏ పేపర్లోనూ ఉండడు. మీ నోట్‌బుక్‌లో ఉంటాడు. సీజన్ చివర అతనికి ఆ అంకె చూపించండి. ఆ కుర్రాడు మిమ్మల్ని జీవితాంతం మరచిపోడు.

గోలీలను మీరే తీసుకోండి. ఇది నా గట్టి సలహా. ప్రధాన కోచ్‌కు మిగతా జట్టుతో చాలినంత పని. గోల్‌కీపర్ ఏ ఆటలోనైనా కాస్త ఒంటరివాడు, మూల నిలబడి తనంతట తానే బంతులు ఆపుకుంటుంటాడు. అతనితో రోజూ అరగంట గడపండి. నిండిన నీళ్ల డబ్బా రెండు చేతులతో తలపైకి ఎత్తించి, కాళ్ల మీదే నిలబెట్టండి. ఒక మూల నుంచి ఇంకో మూలకు దూకించండి. అవతలి జట్టులో ఎవరు ఏ మూలకు విసురుతారో మీ నోట్‌బుక్ చూసి చెప్పండి. రెండేళ్లకు ఆ కాలేజీలో, ఆ యూనివర్సిటీలో ‘గోలీల సంగతి ఆయన్నే అడగండి’ అంటారు. అసిస్టెంట్‌కు అంతకంటే పెద్ద పదవి లేదు. అన్నీ కొంచెం కొంచెం తెలిసిన అసిస్టెంట్‌ను మార్చేయడం తేలిక. ఒక్కటి పూర్తిగా తెలిసినవాణ్ని వదులుకోవడానికి ఏ కోచ్‌కూ మనసొప్పదు.

నోరు సంగతి కూడా చెప్పాలి. నేను డిగ్రీ రోజుల్లో ఒక కబడ్డీ జట్టుకు సహాయకుడిగా ఉండేవాణ్ని. ఒక మ్యాచ్‌లో మా రైడర్ కూతకు వెళ్లాడు. కోచ్ గారు గీత అవతలి నుంచి “బోనస్ కొట్టు” అన్నారు. నాకు అవతలి మూల మనిషి ముందుకు జారడం కనిపించింది. “వెనక్కి రా” అని నేను అరిచాను. రెండు గొంతులు విన్న ఆ పిల్లాడు ఒక్క క్షణం తల తిప్పాడు. ఆ క్షణం చాలు, పట్టేశారు. నేను చూసింది నిజమే, కానీ అరవడం తప్పు. ఆ రోజు బస్సులో కోచ్ గారు నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ నొప్పి. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆట నడుస్తుండగా ఒక్కటే గొంతు. నా అభిప్రాయం ముందైనా చెప్పాలి, తర్వాతైనా చెప్పాలి. జట్టు ముందు ఎదురు చెప్పకూడదు. గదిలో తలుపు వేసుకున్నాక ఎంతైనా వాదించొచ్చు, వాదించాలి కూడా. ఎప్పుడూ తలూపే అసిస్టెంట్ వల్ల కోచ్‌కు ఒరిగేదేమీ లేదు.

పిల్లలు మీ దగ్గరికి వచ్చి కోచ్ మీద ఫిర్యాదు చేస్తారు. తప్పకుండా చేస్తారు, ఎందుకంటే వయసులో మీరు వాళ్లకు దగ్గర, ‘అన్నా’ అని పిలుస్తారు. వినండి. అవునని కూడా అనకండి, కాదని కూడా అనకండి. “రేపు నీవే సార్‌తో చెప్పు, నేను పక్కన నిలబడతా” అనండి. ఆ పిల్లాడి ముందు కోచ్‌ను ఒక్క మాట అన్నారంటే, సాయంత్రానికి అది రెండు మాటలై ఆయన చెవిన పడుతుంది. మన ఊళ్ల సంగతి మీకు తెలియనిది కాదు.

సరే, ఇబ్రహీంపట్నంలో ఎక్కడ మొదలుపెట్టాలి?

చెరువు దగ్గర కాదు. ఈ ఊరికి పేరే ఇబ్రహీం కులీ కుతుబ్ షా నుంచి వచ్చిందంటారు. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఆ సుల్తాను తెలుగు కవులకు ‘మల్కిభరాముడు’. ఆయన కాలంలోనే హుస్సేన్‌సాగర్ తవ్వించారు, ఇక్కడి పెద్ద చెరువు కూడా ఆ కుతుబ్‌షాహీ నీటి వారసత్వంలోదే. కట్ట మీద నిలబడితే ఎవరికైనా ఈదాలనిపిస్తుంది. “కోల్‌కతాలో చెరువుల్లోనే పోలో ఆడతారట గదా సార్” అని మన బీపీఎడ్ కుర్రాడు అడిగాడు. నిజమే. హేదువా, కాలేజ్ స్క్వేర్ చెరువుల్లో క్లబ్బులు పెట్టుకుని తరాలుగా ఈత నేర్పుతున్నారు, పోలో ఆడుతున్నారు. బెంగాల్ ఈతగాడు సచిన్ నాగ్ 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు, అదే ఏషియాడ్‌లో మన వాటర్ పోలో జట్టూ స్వర్ణం తెచ్చింది. కానీ అవి గట్లు కట్టి, మెట్లు వేసి, కాపలా పెట్టుకున్న నగరపు కొలనులు. మన చెరువుల అడుగున గుంతలుంటాయి, బురద ఉంటుంది, తూటికాడ తీగలుంటాయి. ఎండాకాలం సెలవుల్లో పేపర్ తిరగేస్తే చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగిపోయిన విద్యార్థుల ఫొటోలు కనిపించని వారం ఉండదు. కోచ్ అయ్యేవాడు పిల్లల్ని చెరువులోకి దించడు.

కానీ ఆ ఫొటోలే మీ మొదటి పని ఏమిటో చెప్తున్నాయి. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ‘వాటర్ పోలో జట్టు పెడదాం సార్’ అనకండి. ఆయన గుర్రాల గురించి అడుగుతాడు. పీడీ సార్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ముందు పీడీ సార్ ఒప్పుకోవాలి, ఆయన్ని దాటుకుని పైకి వెళ్లారంటే ఆ కాలేజీలో మీ పని అయిపోయినట్టే. ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. మొదటి సంవత్సరం పిల్లల్లో ఈత వచ్చినవాళ్లెందరు, రానివాళ్లెందరు అన్నది మీరే క్లాసులు తిరిగి రాసుకున్న లెక్క. ‘రాని పిల్లలకు ఆదివారాలు ఈత నేర్పుతాం, తల్లిదండ్రుల సంతకాలు మేమే తెస్తాం, కొలనులో లైఫ్‌గార్డ్ ఉంటాడు, కాలేజీ నుంచి బస్సు ఒక్కటి చాలు’ అని రాయండి. కొలను కట్టించమని అడగకండి. కొలను కట్టడం ఒక ఖర్చు, దాన్ని నీళ్లు మార్చి నడపడం అంతకు మించిన ఖర్చు. యాజమాన్యానికి ఆ లెక్క మనకంటే బాగా తెలుసు. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ కోసం పెట్టే ఫైలులో ఈ కార్యక్రమానికి ఒక పేజీ దక్కుతుందని కూడా చెవిన వేయండి. నవ్వకండి, ఆ పేజీ చాలా తలుపులు తెరిచింది.

కొలను కోసం బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన బాలయోగి స్టేడియంలో ఒలింపిక్ కొలత కొలను ఉంది. దూరమే. రోజూ వెళ్లలేరు. ఎల్బీ నగర్ వైపు ప్రైవేటు కొలనులు దగ్గర, కానీ చాలావాటిలో లోతు నడుము దాకానే. నేర్పడానికి అవి చాలు, ఆడటానికి చాలవు. కాబట్టి వారమంతా దగ్గరి కొలనులో ఈత, నెలకో రెండు నెలలకో లోతు కొలనులో ఆట. ముందు ఈత నేర్పిన వంద మందిలో పదిహేను మంది మిగులుతారు, నీళ్లంటే పిచ్చి పట్టినవాళ్లు. మీ జట్టు వాళ్లే. బంతులు, చెవులకు రక్షణ ఉన్న టోపీలు అప్పుడు కొనొచ్చు.

ఒక్క కాలేజీతో జట్టు నిండకపోవచ్చు. నిండకపోయినా నష్టం లేదు. ఈ రోడ్డు మీది ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి జేఎన్టీయూ గొడుగు. అంతర్ విశ్వవిద్యాలయ ఈత పోటీలకు వెళ్లేది యూనివర్సిటీ జట్టు, అందులో వాటర్ పోలో కూడా ఉంటుంది. నాలుగు కాలేజీల పిల్లలు కలిసి ఒక జట్టు కాగలరు. నాలుగు కాలేజీల పీడీ సార్లతో మాట కలిపి ఉంచడం అసిస్టెంట్ పనే. ఎంపిక రోజు ఎవరి ఆధార్ కార్డు మరచిపోయారు, ఎవరికి ఇంటర్నల్ పరీక్ష ఉంది, ఎవరి నాన్న ఒప్పుకోలేదు, ఇవన్నీ మీ ఫోన్‌కే వస్తాయి. విసుక్కోకండి. ఆ ఫోన్లు ఆగిపోయిన రోజే దిగులుపడాలి.

ఆటగాళ్లకు మీరు చెప్పదగ్గ ఆశ ఒకటుంది. రైల్వేలు, సైనిక దళాలు, పోలీసు శాఖలు వాటర్ పోలో జట్లు నడుపుతున్నాయి. అంటే ఉద్యోగం మీకంటే ముందు మీ శిష్యుడికి రావొచ్చు. అది మనసుకు కాస్త గుచ్చుతుంది. గుచ్చనివ్వండి, తర్వాత మిఠాయి పంచండి. అతను మీ దగ్గర నేర్చుకున్నానని ఎక్కడో ఒక్క మాట అన్నా, మీకు తర్వాతి పని దొరికేది ఆ మాటతోనే.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఒలింపిక్స్‌లో మగవాళ్ల వాటర్ పోలో 1900 నుంచి ఉంది. ఆడవాళ్లది 2000లో సిడ్నీతో గాని రాలేదు. మన ఊళ్లలో అమ్మాయిని కొలనుకు పంపాలంటే తల్లి మొదట అడిగేది, “నేర్పేది ఎవరు?” అని. గట్టు మీద ఒక ఆడమనిషి ఈల పట్టుకుని కనిపిస్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి. బీపీఎడ్ చదివి, ఈత వచ్చి, లైఫ్‌గార్డ్ కాగితం ఉన్న అమ్మాయి ఈ జిల్లాలో ఏ కాలేజీకి వెళ్లి అడిగినా, అదే చదువున్న అబ్బాయి కంటే ఆమె మాటకు బరువెక్కువ. నా లెక్కలో ఇప్పుడు ఈ రంగంలో ఖాళీగా ఉన్న పెద్ద కుర్చీ అదే.

ఇక అమెరికా. అక్కడ కాలేజీ వాటర్ పోలోకు జాతీయ పోటీ 1969 నుంచి ఉంది, మహిళలకు 2001 నుంచి. కాలిఫోర్నియా యూనివర్సిటీలదే ఆధిపత్యం. మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కని వెళ్లే క్యాంపస్‌లలోనే పొద్దున్నే ఈ ఆట జరుగుతుంటుంది. అక్కడి అసిస్టెంట్ కోచ్ నిజంగా ఉద్యోగి. ఆటగాళ్లను వెతికి తేవడం, వీడియోలు కోసి చూపించడం, గోలీలను తయారు చేయడం అతని పని. కానీ కాలేజీ క్రీడల్లో ‘వాలంటీర్ కోచ్’ అనే పేరుతో జీతం లేకుండా ఏళ్ల తరబడి మనుషులతో పని చేయించుకున్నారు. ఆ పద్ధతిని పై స్థాయి కాలేజీల్లో రద్దు చేసింది 2023 జూలైలో మాత్రమే, అదీ కోర్టు గొడవల వేడిలో. అంత డబ్బున్న చోట కూడా రెండో ఈలకు కూలి కట్టడానికి అంత కాలం పట్టింది. కాబట్టి మన దగ్గర మొదటి ఏడాది గౌరవ వేతనం అంటూ పెట్రోలు ఖర్చుకు కూడా చాలని మొత్తం చేతిలో పెడితే, అవమానపడాల్సిన పని లేదు. అయితే ఎన్నాళ్లని ముందే మనసులో గీత గీసుకోండి. నా సలహా రెండు సీజన్లు. ఆ తర్వాత కాగితం మీద రాసి, గంటకు ఇంత అని అడగండి. అడగడానికి మీ దగ్గర నోట్‌బుక్ ఉంది. ఎంతమందికి ఈత వచ్చింది, ఎంతమంది యూనివర్సిటీ ఎంపికకు వెళ్లారు, అన్నీ అందులో ఉన్నాయి. లేదంటే కొలను మారండి. పొద్దున సమ్మర్ క్యాంపు, మధ్యాహ్నం బడిలో పీఈటీ, సాయంత్రం జట్టు. రహీం సాబ్ రోజు కూడా ఇంచుమించు ఇలాగే గడిచి ఉంటుంది.

తర్వాతి అధ్యాయానికి వెళ్లే ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం, లైఫ్‌గార్డ్ ఉన్న కొలనులో, కాళ్లు నేలకు అందని చోటికి వెళ్లండి. ఒక స్నేహితుణ్ని గట్టు మీద గడియారంతో నిలబెట్టండి. రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ల పైకి ఎత్తి, కాళ్లతోనే నిలబడండి. ఎన్ని నిమిషాలు ఉండగలిగారో నోట్‌బుక్ మొదటి పేజీలో, తేదీ వేసి రాసుకోండి. రెండు నిమిషాల లోపే దిగిపోయారా, అయితే తర్వాతి అధ్యాయం ఇంకో నెల ఆగి చదువుదురు గాని.